పేరంటాల కనుమ: కొల్లేటి ఐతిహ్యంలో ఋణభావన

వ్యాస సంగ్రహం:
కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరుకు 'పేరంటాల కనుమ' అన్న పేరు ఉంది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే బలి కథ ఒకటి ప్రచారంలో ఉంది. దానిని త్యాగగాథగా కాక, మనుషులు ఒకరికొకరు పడే బాకీని గురించిన కథగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. 'పేరంటాలు' అన్న మాటకు ఉన్న రెండు అర్థాలు, కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'తో ఈ కథకు గల పోలిక, కొల్లేటి నేటి స్థితి ఇందులో చర్చకు వస్తాయి.

కీలక పదాలు: కొల్లేరు, ఉప్పుటేరు, ఐతిహ్యం, పేరంటం, ఋణం, బలి, ముసలమ్మ మరణము.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటికి నీరు వచ్చే దారులు అనేకం. పడమటి నుంచి బుడమేరు, ఏలూరు పక్కగా తమ్మిలేరు, వాటితో పాటు ఎన్నో వాగులు, మురుగుకాలువలు అందులో కలుస్తాయి. నీరు బయటికి వెళ్లే దారి మాత్రం ఒక్కటే. అది ఉప్పుటేరు. చుట్టూ ఉన్న ఊళ్ల క్షేమం ఆ ఒక్క దారి మీద ఆధారపడి ఉంది. అటువంటి దారికి జనం ఒక ఆడపిల్ల చావును గుర్తుచేసే పేరు పెట్టుకున్నారు.

ప్రచారంలో ఉన్న కథ క్లుప్తంగా ఇది. లాంగూల గజపతి అనే ఒడ్డె రాజుకు కొల్లేటి లంకల్లో ఒకటైన కొల్లేటికోటలో కోట ఉండేది. శత్రుసేనాని ఒడ్డున చిగురుకోటలో విడిది చేశాడు. చుట్టూ నీరు ఉన్నంతకాలం కోటకు భయం లేదు. అందువల్ల శత్రువు సరస్సు నీటిని సముద్రంలోకి వదిలి, మట్టం తగ్గాక కోట మీద పడాలని కాలువ తవ్వించాడు. అదే ఉప్పుటేరు. అప్పుడు ఒడ్డె సేనాని కార్యసిద్ధి కోసం తన కూతురిని బలి ఇచ్చాడు. అందువల్ల ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చింది.

ఈ కథను చరిత్రగా నిలబెట్టడం కష్టం. లాంగూల నరసింహుడన్న పేరు కోణార్క దేవాలయాన్ని కట్టించిన 13వ శతాబ్ది తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవునికి ప్రసిద్ధం. గజపతి అన్న బిరుదు ఈ ప్రాంతపు జ్ఞాపకంలో 15వ శతాబ్దిలో కొండవీటి దాకా వచ్చిన కపిలేశ్వర గజపతి వంశంతో ముడిపడి ఉంది. ఐతిహ్యం ఈ రెండింటినీ ఒకే మనిషిగా చేసింది. ఉప్పుటేరు సహజంగా ఏర్పడిందా, తవ్విన కాలువా అన్న ప్రశ్న కూడా ఇక్కడ అప్రస్తుతం. ఐతిహ్య విమర్శకు కావలసింది, జనం ఆ నీటిదారిని గురించి ఇటువంటి కథ చెప్పుకోవడంలో ఏ ధర్మాన్ని ఒప్పుకున్నారు, దేనిని దాటవేశారు అన్నది.

2. ఎవరి కార్యసిద్ధి?

పై కథనంలో ఒక చిక్కు ఉంది. తవ్వించింది శత్రువు. బలి ఇచ్చింది ఒడ్డె సేనాని. బలి కోటను కాపాడడానికే అయితే కాలువ పారకూడదు. కాలువ పారితే బలి విఫలమైనట్లు. అయినా ఆ కాలువకే పేరంటాల పేరు వచ్చింది. కాలువకు ఆమె పేరు రావాలంటే ఆమె చావు వల్ల నీరు కదిలిందని జనం నమ్మి ఉండాలి. అలా అయితే బలి ఇచ్చినవాడు తవ్వినవాడి పక్షాన ఉండి ఉండాలి. కథనం ఈ రెండింటి మధ్యా తేల్చకుండా 'కార్యసిద్ధి' అన్న మాట దగ్గర ఆగిపోతుంది.

ఇది పాఠదోషం అని సరిపెట్టుకోవచ్చు. నోటిమాటగా వచ్చిన కథలో పాత్రలు తారుమారు కావడం వింత కాదు. కానీ తరాలుగా కథ చెప్పినవారికి, విన్నవారికి ఈ చిక్కు అడ్డం రాకపోవడం గమనించదగినది. బలి ఎవరి పక్షాన జరిగిందో తెలియకపోయినా కథ నడుస్తుంది. ఎందుకంటే కథకు కావలసింది ఆ పిల్ల చావు ఒక్కటే. ఏ పక్షం గెలిచినా ఆ చావు అవసరమైనదిగానే చెప్పబడుతుంది. ఈ ఐతిహ్యంలో అన్నిటికన్నా కలవరపెట్టే విషయం ఇదే.

పేర్ల సంగతి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. రాజుకు పేరు ఉంది. కోటకు, విడిదికి పేర్లు ఉన్నాయి. సేనానికి పదవి ఉంది. కూతురికి మాత్రం ఏదీ లేదు. 'పేరంటాలు' అన్నది ఆమె పేరు కాదు, చనిపోయాక వచ్చిన జాతివాచకం. ఆమెకు వయసు చెప్పలేదు, తల్లిని చెప్పలేదు, ఒక్క మాట కూడా ఆమె నోట పలికించలేదు.

గ్రీకు సాహిత్యంలో దీనికి దగ్గర పోలిక ఉంది. ట్రాయ్ యుద్ధానికి ఓడలు కదలడానికి గాలి రావాలని అగమెమ్నాన్ తన కూతురు ఇఫిజెనియాను బలికి సిద్ధం చేస్తాడు. అతడూ సేనానే, అక్కడా కార్యసిద్ధే కారణం, అక్కడ కదలవలసింది గాలి, ఇక్కడ నీరు. అయితే ఈస్కిలస్ నాటకంలో ఆమె శాపం ఇంటికి తగలకుండా నోరు కట్టివేశారని వృందం చెబుతుంది. యూరిపిడీస్ నాటకంలో ఆమె బతకాలన్న కోరికను తండ్రి ముందు చెప్పుకుంటుంది, తరువాత మనసు మార్చుకుంటుంది. నోరు కట్టారని చెప్పడం కూడా ఆమెకు ఒక నోరు ఉందని ఒప్పుకోవడమే. కొల్లేటి కథకు ఆ అవసరం రాలేదు. ఇక్కడ మౌనం పాత్రది కాదు, కథనానిది.

3. పేరంటం, పేరంటాలు

తెలుగులో 'పేరంటాలు' అన్న మాటకు రెండు వాడుకలున్నాయి. పేరంటానికి పిలుపు అందుకుని వచ్చిన ముత్తైదువ పేరంటాలు. భర్తతో సహగమనం చేసి, లేదా అసాధారణమైన చావు చచ్చి, దేవతగా పూజలందుకునే స్త్రీ కూడా పేరంటాలే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరంటాలు కథ ఈ రెండవ అర్థానికి కృష్ణాతీరంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. ఒకే మాట ఇంటికి వచ్చిన అతిథికీ, ఊరికోసం చనిపోయి దేవతయిన స్త్రీకీ ఎలా సరిపోయింది?

పేరంటం నిత్యజీవితంలో ఒకరి పట్ల ఒకరి బాధ్యతను లెక్కగట్టే చక్కని ఏర్పాటు. శ్రావణమాసంలో ఒక ఇల్లాలు వీధిలోని వారిని పిలుస్తుంది. వచ్చినవారికి కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం, నానబెట్టిన శనగలు ఇస్తుంది. పుచ్చుకున్నవారు రేపు తమ ఇంట పేరంటం జరిగినప్పుడు ఆమెను పిలవాలి. వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చినామె ఇచ్చానని, పుచ్చుకున్నామె పుచ్చుకున్నానని ఒకరి ముఖం ఒకరు చూస్తూ పైకి చెప్పుకుంటారు. ఇచ్చిపుచ్చుకోవడం ఇద్దరి నోటా పలికితే తప్ప పూర్తికాదు. బాకీ తీరిపోదు. చేతులు మారుతూ ఉంటుంది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో దానం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పిన మూడు బాధ్యతలు - ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం - ఒక శ్రావణ శుక్రవారం సాయంత్రం ఏలూరు వీధిలో కనిపిస్తాయి.

పెళ్లి చదివింపులదీ ఇదే పద్ధతి. ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాసుకుంటారు. వారి ఇంట శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తారు. కొత్తగా చూసేవారికి ఇది వ్యాపారంలా కనిపించవచ్చు. కానీ చేబదులు అడగడానికి మొహమాటపడే కుటుంబానికి పెళ్లి ఖర్చులో ఊరంతా భుజం పట్టే మర్యాదైన మార్గం ఇది.

ఈ ఏర్పాటును ఆదర్శంగా చూపడం తప్పవుతుంది. పేరంటపు పిలుపుకు గట్టి సరిహద్దులున్నాయి. వితంతువుకు పిలుపు లేదు. కులం మారితే బొట్టు పెట్టే చోటు మారుతుంది, చాలాచోట్ల పిలుపే ఉండదు. అయినా ఆ సరిహద్దు లోపల ఒక నియమం నిలిచి ఉంది. పుచ్చుకున్న మనిషి తిరిగి ఇవ్వడానికి బతికి ఉండాలి, ఇచ్చిన మనిషి తిరిగి పుచ్చుకోవడానికి బతికి ఉండాలి.

కనుమలోని పేరంటాలు విషయంలో ఈ నియమమే తెగిపోయింది. ఆమె నుంచి పుచ్చుకున్నారు, ఆమెకు తిరిగి ఇవ్వడానికి వీలులేదు. కనుక దేవతగా చేసి పసుపు, కుంకుమ ఇవ్వడం మొదలుపెట్టారు. పేరంటంలో ఆడవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే వస్తువులే ఇవి. అంటే చనిపోయిన ఆమెను శాశ్వతంగా పేరంటానికి పిలుస్తున్నారు. రెండు అర్థాలూ కలిసే చోటు ఇదే. తీర్చలేని బాకీని తీర్చగలిగిన బాకీలా నటించే ప్రయత్నం ఈ మాటలో ఉంది. ఆ ప్రయత్నాన్ని పూర్తిగా కొట్టివేయడం కూడా న్యాయం కాదు. మరిచిపోకుండా పేరు నిలుపుకోవడంలో ఊరికి ఎక్కడో తప్పు చేశామన్న స్పృహ ఉంది. అయితే పూజకు అయ్యే ఖర్చు స్వల్పం, దానివల్ల దొరికే నిశ్చింత ఎక్కువ.

వైదిక వాఙ్మయంలో ఋణాలను గురించి మాట్లాడేటప్పుడు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడింటినే సాధారణంగా ఏకరువు పెడతారు. శతపథ బ్రాహ్మణం నాలుగవదాన్ని కూడా చెప్పింది. అది మనుష్యఋణం. తోటి మనిషికి చోటు ఇవ్వడం, అన్నం పెట్టడం ద్వారా అది తీరుతుంది. తక్కిన మూడు ఋణాలు యజ్ఞంతో, అధ్యయనంతో, సంతానంతో తీరుతాయి. వాటిని తీర్చేటప్పుడు ఎదుట బాకీదారు కూర్చుని ఉండడు. నాలుగవది మాత్రం ఎదుట ఉన్న మనిషి ఆకలితో కొలవవలసింది. ఏకరువులో ఇదే జారిపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. పేరంటాలును దేవతను చేయడమంటే మనుష్యఋణాన్ని దేవఋణం ఖాతాలోకి మార్చడం.

4. ముసలమ్మతో పోలిక

నీటికీ స్త్రీ బలికీ ముడిపెట్టిన కథలు దక్షిణాదిలో చాలా ఉన్నాయి. కన్నడ జానపదంలో చెరువు కోసం ప్రాణమిచ్చిన భాగీరథి కథ ప్రసిద్ధం. తెలుగులో అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువుకు చెందిన ముసలమ్మ కథకు సాహిత్య గౌరవం దక్కింది. సి.పి. బ్రౌన్ ప్రకటించిన అనంతపుర చరిత్రలోని కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలో 'ముసలమ్మ మరణము' రాశారు. ఆధునిక ఖండకావ్యానికి నాందిగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే కావ్యమిది. చెరువుకట్ట తెగే ప్రమాదం వచ్చినప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలికోరుతూ అశరీరవాణి పలుకుతుంది. ఆమె ఇంటివారి దగ్గర సెలవు తీసుకుని గండిలోకి నడుస్తుంది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టినప్పుడు మొదట కనిపించేది దిశలోని భేదం. అనంతపురం కరువుసీమ. అక్కడ నీటిని నిలపడానికి స్త్రీ కట్టలో కలిసిపోయింది. కొల్లేరు పల్లపుసీమ. ఇక్కడ నీటిని వదలడానికి స్త్రీ కాలువలో కలిసిపోయింది. ఒకచోట నీరు పోవడం భయం, మరొకచోట నీరు నిలవడం భయం. భయం తిరగబడినా బలికి ఎంచుకున్నది ఒకరినే. పుట్టింట కూతురు, అత్తింట కోడలు - నిర్ణయంలో ఎక్కడా గొంతు లేని స్థానాలవి.

రెండవ భేదం లోతైనది. ముసలమ్మకు పేరుంది, ఇల్లుంది, వీడ్కోలు ఉంది. కట్టమంచి ఆమెకు మాట ఇచ్చారు, తన చావుకు తాను అర్థం చెప్పుకునే అవకాశం ఇచ్చారు. కావ్యం విషాదాంతంగా నిలవడానికి అదే కారణం. చనిపోతున్నది ఎవరో పాఠకుడికి తెలుసు. ఈ గుణాన్ని గుర్తిస్తూనే ఒక మాట అడగాలి. అశరీరవాణి ఊరందరి ముందు పేరు చెప్పిన తరువాత ఇచ్చిన అంగీకారం ఎంతవరకు అంగీకారం? ఆమె కాదంటే మునిగే ఊరు మొత్తం ఆమె వాకిట నిలబడి ఉంటుంది. కావ్యం ఆ ఒత్తిడిని ఆమె ఔన్నత్యంలో కలిపేసింది. ఔన్నత్యం ఆమెది నిజమే. కానీ ఊరు ఆమెకు పడిన బాకీ ఏమిటన్నది కావ్యం బయటనే మిగిలిపోయింది.

ముసలమ్మ కథను త్యాగమనడానికి కనీసం ఆధారం ఉంది. పేరంటాల కథకు అదీ లేదు. ఇచ్చినవాడు తండ్రి, పోయింది కూతురు ప్రాణం. తనది కానిదాన్ని ఇచ్చినవాడికి త్యాగి అన్న మాట వర్తించదు. స్థలపురాణ రచనల్లో ఈ కథకు అలవాటుగా తగిలించే 'త్యాగం' అన్న విశేషణాన్ని విడిచిపెట్టడం అవసరం. సరైన మాట వసూలు. ఊరి ఆపదకు ఒక ఇంటి నుంచి, ఆ ఇంట్లోనూ అందరికన్నా చిన్న మనిషి నుంచి వసూలు.

5. ఎగువ, దిగువ

ఈ కథ పాతబడలేదు. కొల్లేరులో నేటికీ ప్రశ్న అదే, నీరు కదలడానికి ఎవరు ఇవ్వాలి?

1999లో రాష్ట్ర ప్రభుత్వం సముద్రమట్టానికి అయిదు అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. అప్పటికే సరస్సు గర్భం చాలావరకు చేపల చెరువులుగా మారింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువుగట్లను కొట్టివేశారు. అయిదు అడుగుల హద్దును మూడుకు తగ్గించాలన్న కోరిక అప్పటి నుంచి ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తూనే ఉంది.

ఈ వివాదంలో ప్రతి పక్షానికీ తన న్యాయం ఉంది. తరాలుగా మావులతో, వలలతో, దోనెలతో బతికిన లంక గ్రామాల వడ్డి కులస్థులకు సరస్సే భూమి. గట్లు తెగినప్పుడు పోయినది వారి బతుకు. గట్లలో పెట్టిన పెట్టుబడి మాత్రం చాలాచోట్ల బయటివారిది. వలస పక్షుల పేరు చెప్పే పర్యావరణవాదానికి, ఆ పక్షులతోపాటు ఉన్న మనుషులను లెక్కలోకి తీసుకోవలసిన బాధ్యత ఉంది. లంకల పేదరికాన్ని ముందుపెట్టి హద్దు తగ్గించమనేవారు, ఆ తగ్గింపు ఫలం చివరకు ఎవరి చేతికి వెళుతుందో చెప్పవలసి ఉంటుంది. బలి ఎవరి పక్షాన జరిగిందో చెప్పని ఐతిహ్యంలా, ఇక్కడా 'కొల్లేటి ప్రజల కోసం' అన్న మాట దగ్గర సంభాషణ ఆగిపోతుంది.

చేపల చెరువు గట్టుకు ఒక గుణం ఉంది. తన యజమానిని కాపాడిన ప్రతి గట్టూ ఆ నీటిని పక్కవాడి మీదికి నెడుతుంది. గట్టు వేసినవాడు ఏ చట్టాన్నీ ఉల్లంఘించకపోయినా పక్కవాడికి బాకీ పడతాడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను ముంచినప్పుడు దేశం దృష్టి అంతా నగరం మీద నిలిచింది. నగరం నుంచి దిగిన నీరు ఎక్కడికి వెళ్లిందన్న ప్రశ్నకు అంత స్థలం దొరకలేదు. అది కొల్లేటికి వెళ్లింది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ నీరు కొల్లేటిలో కలవదు, నందమూరు దగ్గర ఏలూరు కాలువను దాటి యనమదుర్రు మురుగుకాలువ దారిన పోతుంది. అయినా అక్కడి రైతుల మాటల్లోనూ ఇదే తగవు వినబడుతుంది. ఎగువ చేను బయటపడాలంటే దిగువ చేను మునగాలి. గండి ఎక్కడ పడాలో నిర్ణయించేవాడు సాధారణంగా గండి పడే చోట ఉండడు.

ఆధునిక తెలుగు నవలలో ఈ బాకీని సరస్సు వైపు నుంచి పట్టించుకున్న రచన అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు'. వసంత కన్నబిరాన్ దానిని ఆంగ్లంలోకి అనువదించారు. గతించిన కొల్లేటి జీవితాన్ని, చేపల చెరువులు వచ్చాక జరిగిన విధ్వంసాన్ని ఎదురెదురుగా నిలబెట్టే నవల అది. ఐతిహ్యం ఒక్క మనిషి ప్రాణంతో ముడివిప్పిన సమస్యను నవల ఊరి సమష్టి జీవితంలోకి తెచ్చింది. బలికి బదులు ఉమ్మడి శ్రమ గురించి మాట్లాడడం నవలకు వీలయింది. దేవతకు కాక పక్కింటివాడికి సమాధానం చెప్పుకోవలసిన ప్రపంచం నవలది కనుక ఇది ప్రక్రియాపరంగా కూడా సహజమే. గతాన్ని తలచుకునే రచనలన్నిటికీ ఉండే ప్రమాదం, పాత ఊరి అసమానతలను జ్ఞాపకపు తీపిలో కరిగించడం. పేరంటపు సరిహద్దుల్లాగే ఆ ఊరి సమష్టికీ సరిహద్దులుంటాయన్నది పాఠకుడు పక్కన పెట్టుకుని చదవవలసిన విషయం.

6. పాఠసేకరణ గురించి

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు ఏటా ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. లంకల నుంచీ ఒడ్డు ఊళ్ల నుంచీ జనం వస్తారు. ఆ జాతర చుట్టూ కోట కథ, కాలువ కథ నోటిమాటగా నడుస్తుంటాయి. స్థలపురాణంగా అచ్చయిన సంగ్రహం కోట పక్షాన నిలబడి చెప్పిన కథ. అందుకే రాజుకు పేరు మిగిలి, పిల్లకు మిగల్లేదు. ముందు జరగవలసిన క్షేత్రపరిశోధన ఈ కథను ఎవరు ఎవరికి చెబుతారన్న దగ్గర మొదలు కావాలి. మగవారు కోట దగ్గర చెప్పే పాఠాన్ని, ఆడవారు పసుపు కుంకుమ ఇచ్చేటప్పుడు చెప్పుకునే పాఠాన్ని వేరువేరుగా నమోదు చేయాలి. బలికి ముందు ఆ అమ్మాయి ఏమంది, ఆమె తల్లి ఎక్కడుంది అన్న రెండు ప్రశ్నలు కథకురాలిని తప్పక అడగాలి.